పైనుండి పాఠం – కిందినుండి ప్రశ్న

నెల్లూరు సముద్రతీరాన పుట్టినవాళ్ళకు రాకెట్టు చూడటం కొత్త సంగతి కాదు. 1971 అక్టోబరు 9న శ్రీహరికోటనుండి చిన్న రోహిణి రాకెట్టు ఆకాశానికి లేచిన నాటినుండి మన తీరానికి ఆ ఉరుము అలవాటై పోయింది. వల బాగుచేసుకొనేవాడు ఒకసారి తలెత్తి చూసి, మళ్ళీ తన పని తాను చేసుకొంటాడు.

2004 సెప్టెంబరు 20వ తేదీ సాయంత్రం. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. కృష్ణపట్నానికి దగ్గరలో, రొయ్యల గుంట గట్టుమీద మా నాయన పక్కన నిలబడి వున్నాను. దక్షిణపు దిక్కున నిప్పుగీత ఒకటి మబ్బుల్లోకి ఎక్కిపోయింది.

"ఈసారి పోయేదేందిరా అబ్బయ్యా?" అన్నాడు నాయన.

"ఎడ్యుశాట్ అంట నాయనా. ఒక్క చదువుకోసమే పంపే ఉపగ్రహం. దాంట్లోంచి పాఠాలు వస్తాయంట" అన్నాను, అదేదో నేనే పంపినంత గొప్పగా.

మా నాయన నాలుగో తరగతితో చదువు మానేసిన మనిషి. ఆ పొగ చెదిరిపోయేదాకా చూసి, "పాఠం పైనించి వస్తాది సరే, అర్థం గాకుంటే యాడికిపోయి అడగాల?" అన్నాడు.

ఆ రోజు నవ్వి వూరుకొన్నాను. ఇప్పుడు నేను అర్థశాస్త్రం పాఠాలు చెప్పే వుద్యోగంలో వున్నాను. ఈ ఇరవై ఏళ్ళలో దూరంనుండి చదువు చెప్పే సాధనాలు ఎన్నో వచ్చాయి. వాటిలో ప్రతిదాన్నీ నేను మా నాయన ప్రశ్నతోనే కొలుస్తున్నాను. దానికి తోడు మరొక ప్రశ్న నాకు నా విద్యార్థి ఒకడు నేర్పాడు. ఆ రెండు ప్రశ్నల సంగతే ఈ వ్యాసం. నేను ఇంజనీరును కాను. అడిగి తెలుసుకొన్నవీ, తప్పు చేసి నేర్చుకొన్నవీ మాత్రమే ఇక్కడ చెబుతున్నాను.

తపాలా సంచినుండి ఉపగ్రహం దాకా

దూరవిద్య అనగానే కంప్యూటరు గుర్తుకు రావడం ఈనాటి అలవాటు. నిజానికి మన దేశంలో అది తపాలా సంచితో మొదలయింది. 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం ఉత్తరాల ద్వారా డిగ్రీ పాఠాలు ప్రారంభించింది. 1972లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కూడా అదే బాట పట్టింది. అచ్చువేసిన పాఠం పోస్టుమాన్ తెచ్చి యిస్తాడు. విద్యార్థి జవాబులు రాసి పంపితే, దిద్దిన కాగితం కొన్ని వారాలకు తిరిగి వస్తుంది. ఆలస్యమే గాని, అందులో ప్రశ్నకు తిరుగు దారి వుంది. ఈ మాట గుర్తుంచుకోవాలి.

తరువాత టెలివిజన్ వచ్చింది. 1975 ఆగస్టు 1నుండి 1976 జూలై 31 వరకు అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని అరువు తీసుకొని, ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు పాఠాలు పంపారు. 'సైట్' అనే ఆ ప్రయోగంలో మన రాష్ట్రమూ వుంది, తెలుగూ వుంది. కోళ్ళగూటికి కట్టే వల లాంటి తీగెతో చేసిన పెద్ద గొడుగు ఒకటి నిలబెడితే, కరెంటు సదుపాయం అంతంతమాత్రంగా వున్న వూళ్ళలో కూడా బొమ్మ కనపడింది. ఏడాది కాగానే ఉపగ్రహం సొంతదారు దాన్ని జరుపుకొని పోయాడు. అరువు సొమ్ము అంతే మరి! ఆ తరువాత మన ఇన్శాట్-1బి ద్వారా 1984 ఆగస్టు 15నుండి విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం వారి 'కంట్రీవైడ్ క్లాస్‌రూమ్' దూరదర్శన్‌లో ప్రారంభమైంది. ఇవన్నీ మంచి పనులే. అయితే టీవీ చెబుతుంది, మనం వింటాం. మనం అడిగితే టీవీ వినదు.

ఈ లోపల మన రాష్ట్రంలోనే ఒక గొప్ప సంగతి జరిగింది. 1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. 1991నుండి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టుకొంది. మొదటి వైస్ ఛాన్సలర్ ఆచార్య జి. రామరెడ్డిగారు, 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు దానికీ మొదటి వైస్ ఛాన్సలర్ అయినారు. అచ్చుపాఠం, రేడియోపాఠం, జిల్లాలలో అధ్యయన కేంద్రాలు, ఈ మూడింటినీ కలిపి నడపడం అక్కడి పద్ధతి. యంత్రం ఎంత మంచిదైనా, ఆదివారం పూట ఒక మాస్టారు ఎదురుగా కూర్చుని సందేహం తీర్చాలి అన్న గ్రహింపు ఆ అధ్యయన కేంద్రాల ఏర్పాటులో కనపడుతుంది.

అర సెకను కథ

ఇక ఎడ్యుశాట్ సంగతి. బరువు 1,950 కిలోలు. జీఎస్ఎల్వీ-ఎఫ్01 రాకెట్టు దాన్ని మోసుకొని పోయింది. సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున, భూమితో సమానంగా తిరుగుతూ, మనకు మాత్రం ఒక్కచోటనే నిలబడినట్లుండే కక్ష్య దానిది. కనుక కళాశాల మేడమీద గొడుగు ఒకసారి దానివైపు తిప్పి బిగిస్తే చాలు.

దీని ప్రత్యేకత ఏమంటే, రెండు రకాల కేంద్రాలకు ఇందులో చోటు వుంది. మొదటి రకం వట్టిగా వినేది, చూసేది. రెండవ రకం తిరిగి మాట్లాడగలిగేది. అక్కడి గొడుగు సంకేతాన్ని పైకి కూడా పంపుతుంది. వూరి కళాశాలలోని విద్యార్థి మైకు పట్టుకొని అడిగితే, ఎక్కడో నగరంలో వున్న ఆచార్యుడికి వినిపిస్తుంది. మా నాయన ప్రశ్నకు జవాబు దొరికిందన్నమాట!

ఇక్కడ చిన్న లెక్క చూద్దాం. మాట పైకి పోవడానికి 36,000, కిందికి రావడానికి 36,000, మొత్తం 72,000 కిలోమీటర్లు. వెలుగు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది గనుక దీనికి పట్టే కాలం 0.24 సెకను. అడిగిన ప్రశ్న పోవాలి, జవాబు రావాలి. వెరసి దాదాపు అర సెకను. ఇంతేగదా అనిపిస్తుంది. కాని సంభాషణలో అర సెకను తక్కువేమీ కాదు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు, ఇద్దరూ ఒకేసారి ఆగుతారు. అందుకని ఇటువంటి తరగతుల్లో ఒకరి తరువాత ఒకరు వంతు ప్రకారం మాట్లాడే మర్యాద తప్పనిసరి. అదే ఈనాటి ఫైబరు తీగెలో వెలుగు సెకనుకు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. నెల్లూరునుండి హైదరాబాదు 450 కిలోమీటర్లు అనుకొంటే, మాట చేరడానికి తీగెలో పట్టే కాలం సెకనులో 400వ వంతుకు అటూయిటూ. దూరం లేనట్లే లెక్క.

చిక్కు మరొకచోట వుంది. తిరిగి మాట్లాడగలిగే కేంద్రం పెట్టడానికి ఖర్చు ఎక్కువ. ఆ కేంద్రం ముందర కూర్చున్నవాడు అడగగలడు. వట్టి గొడుగు వున్నచోట విద్యార్థి వినగలడు. కాలేజీకే రాలేనివాడు ఆ రెండింటికీ దూరం. ఎడ్యుశాట్ తన పని తాను చేసి 2010 సెప్టెంబరులో విశ్రాంతి తీసుకొంది. ఆ తరువాత ఇంటర్నెట్టు పాఠాలు పెరిగాయి. 2017లో కేంద్రప్రభుత్వం 'స్వయం' పాఠాలనూ, ఇంటర్నెట్టు లేనివారికోసం ఇంటిమీది డిష్షుకే వచ్చే 'స్వయంప్రభ' ఛానళ్ళనూ ప్రారంభించింది.

లాక్‌డౌన్ నేర్పిన లెక్క

2020 మార్చి 25న దేశమంతా తలుపులు మూసుకొంది. కళాశాలలు కొన్ని వారాలలోనే సెల్‌ఫోనులోకి మారిపోయాయి. మేమూ వీడియోలో పాఠాలు మొదలుపెట్టాం. మొదటివారం అరవైమంది వచ్చారు, మూడో వారానికి ఇరవైరెండు మంది మిగిలారు. పిల్లలకు శ్రద్ధ లేదని స్టాఫు రూములో అనుకొన్నాం. నేనూ అన్నాను.

తరువాత కూర్చుని లెక్క వేశాను. ఒక మోస్తరు వీడియో సెకనుకు 10 లక్షల బిట్లు లాగుతుంది. గంటకు 450 మెగాబైట్లు. అప్పట్లో చాలామంది పిల్లల ఫోనులో వున్నది రోజుకు ఒకటి, ఒకటిన్నర జీబీ ప్యాకేజీ. మూడు పాఠాలతో అది అయిపోతుంది. ఇంట్లో అన్నకో చెల్లెలికో అదే ఫోను కావాలంటే ఒక్క పాఠంతోనే సరి. మరి అదే గంట పాఠాన్ని మాట మాత్రమే పంపితే? సెకనుకు 32 వేల బిట్లు చాలు. గంటకు 14.4 మెగాబైట్లు, అనగా ముప్పయ్యో వంతు. అదే పాఠం రాసి పంపితే? గంటలో చెప్పే మాటలు 5,000 అనుకొందాం, మాటకు తొమ్మిది అక్షర సంకేతాలు, తెలుగులో ఒక్కో సంకేతానికి మూడు బైట్లు. మొత్తం 1,35,000 బైట్లు. వీడియోలో మూడువేలవ వంతు కూడా కాదు!

అర్థశాస్త్రం చెప్పే నాకు ఈ లెక్క ముందే తోచకపోవడం సిగ్గుపడవలసిన విషయం. పిల్లలు పాఠం వద్దనలేదు. పాఠం ధర వాళ్ళకు అందలేదు, అంతే. అప్పటినుండి ప్రతి పాఠాన్నీ మూడు రూపాల్లో పంపడం మొదలుపెట్టాను. చూసేవారికి వీడియో, వినేవారికి ఆడియో, చదివేవారికి రాత. ఇప్పుడు అందరికీ అందినట్లే అనుకొన్నాను. ఇక్కడే నా తప్పు బయటపడింది.

నా పాఠం నాకే తెలియలేదు

మా తరగతిలో పుట్టుకతో చూపులేని విద్యార్థి ఒకడు వున్నాడు. పాత ల్యాప్‌టాప్ ఒకటి సంపాదించుకొని, తెరమీది రాతను బిగ్గరగా చదివిపెట్టే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేరుతో చదువుకొనేవాడు. అది 2006లో ఆస్ట్రేలియాలో ఇద్దరు చూపులేని యువకులు మొదలుపెట్టిన పని. పైసా ఇవ్వక్కరలేదు. తెలుగును కూడా చదువుతుంది.

నేను రాతపాఠాలు పంపిన మరునాడు ఆ అబ్బాయి ఫోను చేశాడు. "సార్, మీరు పంపింది మా కంప్యూటరు చదివింది సార్. అయితే అది ఏ భాషో మాకు తెలియడం లేదు" అన్నాడు. వేళాకోళం చేస్తున్నాడేమో అనుకొన్నాను. ఫోను ల్యాప్‌టాప్ దగ్గర పెట్టి వినిపించాడు. ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు, అర్థం పర్థం లేని రొద! నా తెరమీద చూస్తే పాఠం చక్కని తెలుగులో, ముత్యాల్లాంటి అక్షరాల్లో వుంది.

జరిగినదేమిటంటే, కంప్యూటరుకు అక్షరం తెలియదు, సంఖ్య మాత్రమే తెలుసు. 1991లో వచ్చిన యూనికోడ్ పద్ధతిలో ప్రపంచంలోని లిపులకు తలా కొన్ని సంఖ్యలు కేటాయించారు. మన 'అ' సంఖ్య 3077, 'క' సంఖ్య 3093. ఏ దేశంలో ఏ యంత్రం మీద తెరిచినా 3093 అంటే 'క'యే. కాని నేను నోట్సు టైపు చేయించింది ప్రెస్సువాళ్ళు వాడే పాత డీటీపీ ఫాంటులో. ఆ ఫాంటులలో ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన సంఖ్యల మీద తలకట్టు, గుడి, కొమ్ము లాంటి తెలుగు ముక్కలను బొమ్మలుగా అతికిస్తారు. కంటికి తెలుగు, కంప్యూటరు లోపల ఇంగ్లీషు. చూపున్నవాడు బొమ్మ చూసి చదువుకొంటాడు. సంఖ్యను నమ్ముకొన్న యంత్రం మాత్రం ఉన్నది వున్నట్లు ఇంగ్లీషే చదువుతుంది.

పాఠం ఆ అబ్బాయి ఇంటిదాకా చేరింది, కాని చెవికి చేరలేదు. అంతకు ముందు పంపిన పాఠాలు ఇంకా అన్యాయం. పుస్తకం పుటలను ఫోటో తీసి పంపాను. అందులో యంత్రానికి బొమ్మ తప్ప అక్షరమే లేదు. "ముందే చెప్పకూడదూ?" అన్నాను. "అందరికీ వచ్చింది గదా సార్, మా కంప్యూటరులోనే ఏదో తప్పుందేమో అనుకున్నాం" అన్నాడు. ఆ మాట నన్ను చాలాకాలం నిద్రపోనివ్వలేదు. తప్పు మనది, సంకోచం వాడిది.

ఆ వేసవి అంతా కూర్చుని నా నోట్సు మొత్తం యూనికోడ్‌లో తిరిగి టైపు చేశాను. మొదట్లో గంటకు ఒక పుట అయ్యేది, తరువాత వేగం వచ్చింది.

పటం లేని పాఠం

టైపు చేసేటప్పుడు మరొక లోపం కనపడింది. నా పాఠంలో అడుగడుగునా 'పటంలో చూపినట్లు' అని వుంది. గిరాకీ రేఖ, సప్లయి రేఖ, అవి కలిసే బిందువు, అన్నీ బొమ్మలే. పటం చూడలేని వాడికి ఆ వాక్యం దేనికి? అందుకని ఇలా రాశాను: "ధర నిలువుగా, సరకు అడ్డంగా కొలుద్దాం. ధర పెరిగేకొద్దీ కొనేవాళ్ళు తగ్గుతారు గనుక ఈ గీత ఎడమ పైనుండి కుడి కిందికి, సముద్రం ఒడ్డు నీళ్ళలోకి దిగినట్లు, వాలుతూ పోతుంది."

తమాషా ఏమంటే, ఈ మార్పు వల్ల ఎక్కువ లాభపడింది చూపున్న విద్యార్థులే. ఆడియో మాత్రమే వినేవాళ్ళు, రొయ్యల గుంట దగ్గర రాత్రి కాపలా కాస్తూ చెవిలో పాఠం పెట్టుకొనేవాళ్ళు, బస్సులో నిలబడి వచ్చేవాళ్ళు, వీళ్ళెవరికీ పటం కనపడదు గదా! ఇంకో ఆమ్మాయికి వినికిడి తక్కువ. రాతపాఠం ఆమెకోసమని ప్రత్యేకంగా చేయలేదు, కాని ఆమె మొదటిసారి పాఠం పూర్తిగా అందుకొన్నది దానితోనే. ఒకరి ఇబ్బంది తొలగిద్దామని వేసిన దారి మీద పదిమంది నడిచారు.

ఇది దయాదాక్షిణ్యాల వ్యవహారం కూడా కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ, ప్రభుత్వ సహాయం పొందే ఉన్నత విద్యాసంస్థలలో నూటికి 5 సీట్లకు తగ్గకుండా వారికి కేటాయించాలి. సీటు ఇచ్చి, అందని పాఠం చేతిలో పెడితే ఆ సీటు పేరుకు మాత్రమే. పుస్తకాలను బ్రెయిలీలోకో, శబ్దంలోకో మార్చుకోవడానికి 2012 కాపీరైటు సవరణ అనుమతి ఇచ్చింది. ఈ విషయమై ప్రపంచదేశాలు 2013లో మరాకేష్‌లో ఒప్పందం చేసుకొంటే, 2014లో దాన్ని అందరికంటే ముందు ధ్రువపరచింది మన దేశమే. చట్టం వుంది, సాధనం వుంది. మిగిలింది మన అలవాటు మారడమే.

ముగ్గురు, మూడు వూళ్ళు

దూరంనుండి చదవడం ఒక ఎత్తు, దూరంనుండి కలిసి పనిచేయడం మరొక ఎత్తు. 2021లో రొయ్యల గుంటలమీద పనిచేసే కూలీల రాబడి గురించి ముగ్గురు విద్యార్థులకు ఒక ప్రాజెక్టు ఇచ్చాను. ఒకడిది మైపాడు, ఒకమ్మాయిది ఉదయగిరి, మూడోవాడు నేను పైన చెప్పిన అబ్బాయి. మైపాడు కుర్రవాడు గుంటలచుట్టూ తిరిగి కూలీలతో మాట్లాడాడు. ఉదయగిరి అమ్మాయి మెట్టనుండి పనికి పోయినవాళ్ళ ఇళ్ళలో విచారించింది. మన అబ్బాయి ఫోను మీద, వాళ్ళ అనుమతితో, మాటలు రికార్డు చేసి టైపు చేశాడు. ముగ్గురూ రాసేది ఇంటర్నెట్టులో వుంచిన ఒకే కాగితం మీద. ఎవరు ఏ మాట మార్చారో, ఎప్పుడు మార్చారో ఆ కాగితమే గుర్తుపెట్టుకొంటుంది.

ఒకసారి పేచీ వచ్చింది. అనుమానం వున్న అంకెలకు మైపాడు కుర్రవాడు ఎర్రరంగు వేశాడు. మూడోవాడికి రంగు వినపడదు గదా, ఆ అంకెలనే తీసుకొని సగటు కట్టేశాడు. ఇద్దరూ ఒకరినొకరు తప్పుపట్టుకొన్నారు. చివరికి ఉదయగిరి అమ్మాయి తీర్పు చెప్పింది: "రంగుతో పాటు పక్కన 'సరిచూడాలి' అని రాయరాదా? మాకూ ఎరుపెందుకో తెలిసి చావలేదు!" అంతటితో సరిపోయింది.

ఆ నవంబరులో పెన్నకు వరద వచ్చింది. పడుగుపాడు దగ్గర రైలుకట్ట కొట్టుకొనిపోయింది. కరెంటు లేదు, ఫోను లేదు. నిర్ణీత గంటకు అందరూ తెరముందు హాజరు కావాలన్న నియమం పెట్టుకొని వుంటే ప్రాజెక్టు అక్కడే మునిగిపోయేది. ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు రాసే పద్ధతి గనుక, కరెంటు వచ్చినవాడు వచ్చినట్లు పని అందుకొన్నాడు. ఏటా తుపాను చూసే మన తీరానికి ఈ పద్ధతే క్షేమం.

మనం చేయదగినవి

ఇంతకూ చెప్పవచ్చేదేమంటే, దూరవిద్యకు సాధనం ఏదైనా రెండు ప్రశ్నలు వేయాలి. అర్థం కాకపోతే అడగడానికి తిరుగు దారి వుందా? వచ్చిన రూపంలో పాఠాన్ని ప్రతివాడూ అందుకోగలడా? వీటికి పెద్ద డబ్బు అవసరం లేదు. మన కళాశాలలో ఈ యేడే ఇవి చేయవచ్చును:

1. తెలుగు నోట్సు ఏదైనా యూనికోడ్‌లోనే టైపు చేయడం. అచ్చుకు పాత ఫాంటు కావాలంటే మార్పు తరువాత చేసుకోవచ్చు.

2. ఫోటో తీసిన పుటలు పంపకపోవడం. తప్పనిసరైతే పాఠాన్ని చదివి ఆడియో జతచేయడం.

3. ప్రతి పటం కింద నాలుగు వాక్యాల వర్ణన.

4. వారానికి రెండు పూటలు ఫోనులో సందేహాలు తీర్చే వేళ.

విద్యార్థి సంఘం తలచుకొంటే మొదటిపని వేసవి సెలవుల్లో పూర్తవుతుంది. ఒక్కొక్కరు పది పుటలు టైపు చేస్తే చాలు. ఈ వార్షిక సంచికను కూడా ఆ విధంగా ఒక ప్రతి తయారుచేయమని సంపాదకులను కోరుతున్నాను.

యంత్రంతో అన్నీ అవుతాయని నేను అనడం లేదు. ప్రయోగశాలలో చేయి కాలితేగాని తెలియనివి కొన్ని వుంటాయి. క్యాంటీన్‌లో టీ తాగుతూ తేలే సందేహాలు ఏ తీగెమీదా తేలవు. కాని రాగలిగినవాడికి కళాశాల ఎప్పుడూ వుంది. రాలేనివాడి సంగతే ఆలోచించవలసింది.

మా నాయన ఇప్పుడు లేడు. ఆ అబ్బాయి మాత్రం ఎం.ఎ. పూర్తిచేసి, పోటీ పరీక్షలకు చదువుకొంటున్నాడు. పోయిన సంక్రాంతికి తన తరువాతి విద్యార్థులకోసం తయారుచేసిన నోట్సు నాకు పంపాడు. అంతా యూనికోడ్. పటాలన్నింటికీ మాటల్లో వర్ణన. చివరి పుటలో తన ఫోను నెంబరు వేసి, దానికింద ఇలా రాశాడు: "అర్థం కాకపోతే సాయంత్రం ఏడు తరువాత ఫోను చేయండి. ఎవరైనా చేయవచ్చును."